ఏజాక్స్ పెట్టెలో మన ఐఎన్ఎస్ ఢిల్లీ

ముక్కలు అంటించి కట్టుకునే ప్లాస్టిక్ ఓడ కిట్ ఇది: ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వాళ్ళ హెచ్ఎంఎస్ ఏజాక్స్ అనే బ్రిటిష్ యుద్ధనౌక, 1/600 స్కేలు (అసలు ఓడలో ఆరువందో వంతు), 1970ల నాటి గుండ్రని లోగో ఉన్న పెట్టె. చెన్నై రాయపురంలో ఒక పాత సామాన్ల కొట్లో 1,800 రూపాయలకి కొన్నాను. ఎవరో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన కిట్ ఇది. సీలు విప్పని పెట్టె కావాలంటే దీనికి మూడు నాలుగు రెట్లు అడుగుతారు. కట్టుకోవడానికైతే అంత పెట్టకండి, నాలాగా సగం చేసి వదిలేసిందే వెతుక్కోండి. కేవలం అలమరలో పెట్టి చూసుకునేవాళ్ళ సంగతి నాకు తెలీదు, వాళ్ళ లెక్కలు వేరు.

నిజానికి ఏజాక్స్ మీద నాకు పెద్ద ప్రేమేం లేదు. నాకు కావలసింది దాని తోబుట్టువు. ఒకే నమూనాలో కట్టిన లియాండర్ తరగతి క్రూజర్లు (ఒక రకం యుద్ధనౌకలు) బ్రిటిష్ నౌకాదళానికి ఐదు ఉండేవి: లియాండర్, అకిలీస్, నెప్ట్యూన్, ఒరాయన్, ఏజాక్స్. వాటిలో అకిలీస్ మొదట న్యూజిలాండ్ చేతికి వెళ్ళి, 1948లో మన దేశానికి వచ్చింది. స్వతంత్ర భారతదేశానికి మొదటి క్రూజర్ అదే, ఐఎన్ఎస్ ఢిల్లీ. 1961లో గోవా విముక్తి సమయంలో డయ్యూ దగ్గర దాని ఫిరంగులు పేలాయి. 1978లో దాన్ని విరమింపజేసి ముంబైలో విరగ్గొట్టేశారు. మా నాన్న 1960ల చివర్లో దాని బాయిలర్ రూమ్‌లో పనిచేశారు. భీమిలి నుంచి వెళ్ళి నేవీలో చేరిన మనిషి, ఇప్పుడు పెరంబూరులో మా ఇంట్లోనే ఉంటారు.

మామూలు షాపుల్లో ఐఎన్ఎస్ ఢిల్లీ పేరుతో ప్లాస్టిక్ కిట్ నాకెక్కడా కనపడలేదు. కాబట్టి నాలాంటివాళ్ళకి దారి ఒక్కటే. ఏజాక్స్ కొని, దాన్ని కోసి, గీకి, ఢిల్లీని చేసుకోవాలి. ఈ రివ్యూ అంతా ఆ కంటితో రాస్తున్నదే. ఏజాక్స్‌ని ఏజాక్స్‌గానే కట్టుకునేవాళ్ళకి కొన్ని మాటలు పనికిరాకపోవచ్చు.

కొట్టు గురించి రెండు ముక్కలు. పేరు రాయను, బోర్డు కూడా లేదు. అదేం బొమ్మల దుకాణం కాదు. ఇత్తడి కుళాయిలు, ఓడల్లో వాడే గుండ్రటి గడియారాలు, పాత ఫ్యాన్లు, వాటి వెనక గోడ పక్కన అట్టపెట్టెల్లో ఈ కిట్లు. ఓనరు పెద్దాయన, మన తెలుగువారే. ఆయన బావగారు మర్చంట్ నేవీలో చేసేవారట. సింగపూర్ వెళ్ళినప్పుడల్లా పిల్లలకని ఇవి తెచ్చేవారట. ఆ రోజుల్లో దిగుమతి బొమ్మలు మన దగ్గర కొట్లలో ఎక్కడ దొరికేవి? ఓడల్లో పనిచేసే చుట్టమైనా ఉండాలి, బర్మా బజార్‌లో తెలిసినవాళ్ళైనా ఉండాలి.

"రెండున్నర ఇవ్వండమ్మా" అన్నారు ఆయన.

"ఓడ ఒంటి భాగం, ఈ హల్, ముందే అంటించేశారు కదండీ, ఇది కొత్త కిట్ కిందకి రాదు" అన్నాను.

"అంటించే ఉంది కదా తల్లీ, మీకా పని తగ్గింది. దానికి నేనే ఇంకో వంద ఎక్కువ అడగాలి."

ఆ తర్కానికి నా దగ్గర సమాధానం లేదు. అయినా పద్దెనిమిది వందలకి దిగారు. మంచి మనిషి. పెట్టె తెరిచి, కింద న్యూస్‌పేపర్ పరిచి, ఒక్కో ముక్కా లెక్క చూసుకోనిచ్చారు. పాత కిట్లు కొనేవాళ్ళకి ఇదే ముఖ్యం. సూచనల కాగితం మీద ముక్కల నంబర్లుంటాయి, ముక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ఫ్రేముకి ఉన్నవీ ఊడి అడుగున పడినవీ అన్నీ వాటితో సరిపోల్చుకోవాలి. సీలున్న పెట్టె ఎందుకొద్దన్నానంటే ఇందుకే. లోపల ఏముందో చూడకుండా ఐదారు వేలు పోయాలి. సీలున్నంత మాత్రాన లోపల ప్లాస్టిక్ బాగుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, మన సముద్రపు ఊళ్ళలో అసలే ఇవ్వలేరు.

లోపలి సంగతికొస్తే, మూత తీయగానే గుప్పున కలరా ఉండల వాసన. పురుగు పట్టకుండా ఎవరో మంచి మనసుతో నాలుగు ఉండలు వేశారు. పాత కిట్లకి అంతకన్నా చెరుపు లేదు. ఈ కిట్ల ప్లాస్టిక్ పాలీస్టైరీన్. ఆ ఉండల ఆవిరి తగిలితే అది మెత్తబడుతుంది, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నా కిట్‌లో ఒక ఉండ వెనక డెక్ మీద ఏళ్ళ తరబడి కూర్చుని, తన ఆకారంలోనే ఒక గుంట చేసి పెట్టింది. రెండు చిన్న పడవలు ఫ్రేముకి కరుచుకుపోయాయి. మీ ఇంట్లో అటక మీద ఇలాంటి కిట్లుంటే ఇవాళే తీసి చూడండి. తేమకి సిలికా జెల్ పొట్లాలు చాలు. వెండి పురుగులకి భయపడితే బిగుతుగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

అచ్చు 1960ల నాటిది. ఆ కాలం అచ్చుని ఇప్పటి కొలతలతో తూచడం అన్యాయమే కానీ, కొనేవాళ్ళకి చెప్పాలి కదా. ఏ 1960ల ఓడ కిట్ అయినా ఇంతే. రైలింగులు అచ్చులో రావు, ఫిరంగి గొట్టాలు లావుగా ఉంటాయి, కిటికీలు గుంటలే, నిచ్చెనలు గీతలే. ఆకారం మాత్రం బాగా పట్టారు. అసలు ఓడ పొడవు దాదాపు 169 మీటర్లు, మోడల్‌లో అది 28 సెంటీమీటర్లు. ముందు భాగపు వంపు, మధ్యలో ఆ ఒక్క లావాటి పొగగొట్టం, ఒకదాని వెనక ఒకటి మెట్టుగా ఎక్కిన టరెట్లు (ఫిరంగులు బిగించిన తిరిగే గదులు). బల్ల మీద పెట్టి పక్కనించి చూస్తే లియాండర్ తరగతి అని ఇట్టే తెలుస్తుంది. పొగగొట్టం ఒకటే ఉండటం ఈ తరగతికి గుర్తు. కిట్ నీటి కింది భాగంతో సహా పూర్తి హల్‌తో వస్తుంది, కాబట్టి ఎర్ర రంగు వేసే పని కూడా ఉంటుంది.

పొగగొట్టం అనగానే గుర్తొచ్చింది. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు బల్ల మీద ఇది చూసి "ఇది ఎమ్డెనా?" అనడిగారు. చెన్నైలో బూడిద రంగు యుద్ధనౌక ఏది కనిపించినా ఈ ప్రశ్న తప్పదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ జర్మన్ ఓడ వచ్చి హార్బరు దగ్గర చమురు ట్యాంకులు పేల్చి వెళ్ళింది. ఇన్నేళ్ళయినా ఊరు మర్చిపోలేదు, హైకోర్టు గోడ దగ్గర దానికో ఫలకం కూడా ఉంది. ఎమ్డెన్‌కి మూడు పొగగొట్టాలండీ, దీనికి ఒకటే అని చెప్పాను. ఆయన కొంచెం నిరాశపడ్డారు.

ఇక కట్టడం. నాకంటే ముందు దీన్ని మొదలుపెట్టిన పిల్లాడెవరో హల్ రెండు సగాలనీ ట్యూబ్ జిగురుతో అంటించి, డెక్‌కి ఇంటి తలుపుల ఆకుపచ్చ పెయింటు పులిమాడు. పెయింటు వదలడానికి బ్రేక్ ఆయిల్ చాలు. గ్లవ్స్ వేసుకుని ఒక డబ్బాలో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగితే ప్లాస్టిక్‌కి ఏమీ కాదు. హల్ మాత్రం విడదీయలేదు. ముక్కు దగ్గర రెండు సగాలూ అరమిల్లీమీటరు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అక్కడ కార్లకి వాడే ఎన్‌సీ పుట్టీ పెట్టి గీకాను. పుదుపేటలో చిన్న ట్యూబు దొరుకుతుంది. పల్చగా, పొర మీద పొర వేయాలి. మందంగా వేస్తే దాంట్లో ఉండే థిన్నరు ప్లాస్టిక్‌ని తినేస్తుంది. కలరా ఉండ చేసిన గుంటకీ అదే మందు.

ఫిరంగి గొట్టాలు కిట్‌లోవి వాడకండి. నిజం ఓడవి ఆరంగుళాల ఫిరంగులు. గొట్టం పొడవు వ్యాసానికి యాభై రెట్లు, అంటే పాతికడుగులు. 600తో భాగిస్తే సుమారు 12.7 మిల్లీమీటర్లు. మందుల షాపులో 26 గేజ్ అరంగుళం సూదులు అడగండి. పొడవు సరిగ్గా అంతే, లావు అరమిల్లీమీటరు లోపే. మొన కత్తిరించి, కొద్దిగా లోపలికి దూర్చి అంటిస్తే చాలు. మా వీధి మెడికల్ షాపు అబ్బాయి "అక్కా, ఇంట్లో ఎవరికి బాగోలేదు?" అని కంగారు పడ్డాడు. ఓడకి అని చెప్తే ఇంకా కంగారు పడ్డాడు. మస్తూలుకి రిచీ స్ట్రీట్‌లో సన్న ఇత్తడి తీగ కొన్నాను. తాళ్ళకి బయట ఏమీ కొనక్కర్లేదు. కిట్ ఫ్రేము ముక్కని దీపం సెగకి మెత్తబరిచి రెండు వైపులా లాగితే వెంట్రుకంత సన్నటి దారం వస్తుంది. నేను వత్తి దీపం సెగ వాడాను. దేవుడి గదిలో ప్లాస్టిక్ వాసనొస్తే మాత్రం నా పూచీ లేదు.

ఏజాక్స్‌ని ఢిల్లీగా మార్చడంలో అసలు తేడా వెనక టరెట్ల దగ్గరుంది. కిట్‌లో నాలుగు టరెట్లు, ముందు ఏ, బీ, వెనక ఎక్స్, వై. నాన్నకి చూపిస్తే చెయ్యి పెట్టి ఎక్స్ టరెట్ తీసి పక్కన పెట్టేశారు.

"మాకిది నేదే అమ్మలూ" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. 1943 జనవరి 5న సాలొమన్ దీవుల దగ్గర జపాన్ విమానం వేసిన బాంబు అకిలీస్ ఎక్స్ టరెట్ మీద పడింది. బ్రిటన్‌లో మరమ్మతు చేసినప్పుడు ఆ టరెట్ తీసేసి, విమానాల మీదికి కాల్చే నాలుగు పాంపాం తుపాకులు పెట్టారు. మన చేతికి వచ్చేసరికి ఓడకి ఆరంగుళాల ఫిరంగులు ఆరే. కాబట్టి సూదులూ ఆరే కొనండి, ఎనిమిది కాదు. ఎక్స్ టరెట్ గుండ్రటి దిమ్మె ఉన్నచోట పల్చటి ప్లాస్టిక్ షీటుతో కప్పేసి, దాని మీద చిన్న తుపాకులు సొంతంగా చేసుకోవాలి. విమానాన్ని ఎగరేసే క్యాటపుల్ట్ కూడా పెట్టక్కర్లేదు. మస్తూళ్ళు ఒంటి కర్రలు కాకుండా మూడు కాళ్ళవి చేయాలి.

ఇంట్లోనే ఢిల్లీలో పనిచేసిన మనిషి ఉన్నారు కదా, ఇక ఫొటోలెందుకు అనుకున్నాను. డెక్ మీద ఏ వస్తువు ఎక్కడుండేదని అడిగితే ఆయన నవ్వారు. "పైన ఏటుండేదో నాకేం తెలుసు? మేం కిందే కదా. పైకొస్తే గాలి పీల్చుకోడానికొచ్చేవాళ్ళం, అంతే." అది మాత్రం నిజం. 72,000 హార్స్‌పవర్, 32.5 నాట్ల వేగం అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఆవిరి పుట్టించే గదిలో నిలబడినవాళ్ళకి పడవలు ఏ వరసలో వేలాడేవో గుర్తుండదు. హల్ తిరగేసి నాలుగు ప్రొపెల్లర్ల షాఫ్టులు చూపిస్తే మాత్రం గంటసేపు మాట్లాడారు. ఏ షాఫ్టు ఏ టర్బైనుది, ఎక్కడ వేడి ఎక్కువ, ఎవరు ఎవరి డ్యూటీ మార్చుకునేవారు. కిట్‌లో అది దాదాపు ఎవరూ చూడని భాగం. అక్కడే నేను అన్నిటికంటే శ్రద్ధగా పని చేశాను.

రంగు గురించి ఆయన మాటే తీసుకున్నాను. యుద్ధకాలపు ముదురు బూడిద రంగు కాదు, లేత బూడిద. తుప్పు మరకలు వేద్దామంటే ఒప్పుకోలేదు. "పోర్టుకెళ్ళే ముందు చిప్పింగ్ చెయ్యడం, పెయింటెయ్యడం, అదే పని. తుప్పెక్కడుంటాది?" మోడలింగ్ చేసేవాళ్ళందరూ ఇప్పుడు ఓడలకి తుప్పు కార్పించేస్తున్నారు. శాంతి కాలంలో ఉన్న నేవీ ఓడ అంత అధ్వాన్నంగా ఉండదు.

జెండా విషయంలో జాగ్రత్త. ఇప్పటి మన నౌకాదళ పతాకం 2022లో వచ్చింది, శివాజీ ముద్ర స్ఫూర్తితో చేసిన అష్టకోణం దాని మీద ఉంటుంది. ఢిల్లీకి అది పెట్టకూడదు. 1950 నుంచి 2001 దాకా వాడింది తెల్ల గుడ్డ మీద ఎర్ర శిలువ, పై మూల త్రివర్ణం. పల్చటి కాగితం మీద ప్రింటు తీసి, బియ్యపు గింజంత కత్తిరించి, ఫెవికాల్ నీళ్ళతో తడిపి మడతలు పెట్టాను.

ఏజాక్స్‌గానే కట్టుకునేవాళ్ళకి ఒక సంగతి. ఈ కిట్‌కి గిరాకీ ఉండటానికి కారణం 1939 డిసెంబరు 13 నాటి రివర్ ప్లేట్ యుద్ధం. ఎక్సిటర్, ఏజాక్స్, అకిలీస్ కలిసి జర్మన్ గ్రాఫ్ స్పీని తరిమితే అది మాంటెవిడియో రేవులో దూరింది. 17న బయటికొచ్చి తనని తానే ముంచుకుంది. ఆ యుద్ధం మీద 1956లో వచ్చిన ఆంగ్ల చిత్రంలో అకిలీస్ వేషం వేసింది మన ఐఎన్ఎస్ ఢిల్లీయే. పేరు మారినా తన పాత్ర తనే వేసుకుంది. నాలుగు ఓడలూ వరసగా పెట్టాలని చాలామంది ఆశపడతారు. గ్రాఫ్ స్పీ ఎయిర్‌ఫిక్స్ 1/600లోనే ఉంది. ఎక్సిటర్ కోసం మ్యాచ్‌బాక్స్ కంపెనీ కిట్ చూస్తే అది 1/700. పక్కపక్కన పెడితే ఎక్సిటర్ కుదించుకుపోయినట్టుంటుంది. వేర్వేరు అలమరల్లో పెట్టుకోండి. 1970లలో జపాన్ కంపెనీలు నీటి గీత దాకానే ఉండే ఓడలతో 1/700 వరస మొదలుపెట్టాక లోకమంతా అటు వెళ్ళిపోయింది. 1/600కి రైలింగుల వంటి ఇత్తడి విడిభాగాలు దొరకడం కష్టం. రైలింగులు లేకుండానే ఒప్పుకోండి, లేదా ఓపికుంటే దారంతో చేసుకోండి. నేను లేకుండానే వదిలేశాను. అడుగు దూరం నించి చూస్తే లోటు తెలియదు.

ఇదే అచ్చు తర్వాత కాలంలోనూ కొత్త పెట్టెల్లో మళ్ళీ మళ్ళీ వచ్చింది. అలాంటి తరవాతి ముద్రణ చవగ్గా కనిపిస్తే నిస్సంకోచంగా తీసుకోండి. ముక్కలు అవే, ప్లాస్టిక్ వయసు తక్కువ. పాత పెట్టెకి ఎక్కువ పెట్టేది పైన బొమ్మ కోసమే. 1960ల నుంచి 70ల మొదటి దాకా రాయ్ క్రాస్ వేసిన పెట్టె బొమ్మల కోసం ఖాళీ పెట్టెలు కూడా కొనేవాళ్ళున్నారు. వాళ్ళని తప్పుపట్టను. నా పెట్టె కూడా పారెయ్యలేదు, మూలలకి టేపు వేసి దాచాను.

ఢిల్లీని విరగ్గొట్టినప్పుడు దాని వై టరెట్‌ని న్యూజిలాండ్ వాళ్ళకి ఇచ్చారు, ఆక్లండ్‌లో డెవన్‌పోర్ట్ నావికా స్థావరం గేటు దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ ఫొటోలు వెతికి చూస్తే టరెట్ వెనక తలుపులు, బోల్టులు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. కిట్ టరెట్లు నున్నగా ఉంటాయి కాబట్టి ఆ ఫొటోలు చూసి గీతలు గీసుకోవచ్చు. కిట్‌లో లేనిది తెచ్చుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం ఇంకోటి నాకు దొరకలేదు.

నా లెక్కలో ఏజాక్స్‌గా ఐదుకి రెండున్నర. ఢిల్లీకి ముడిసరుకుగా నాలుగు. పిల్లలకి మొదటి కిట్‌గా కొనకండి. ఇన్ని గీకుళ్ళు, పూడ్పులు చూసి వాళ్ళు ఈ సరదాయే మానేస్తారు.

రాయపురం కొట్లో ఇంకా రెండు మూడు పెట్టెలున్నాయి. వాటిలో ఒకటి సీలు విప్పని గ్రాఫ్ స్పీ. పెద్దాయన ఐదు వేలంటున్నారు, పెట్టె అడుగున తేమ మచ్చ ఉంది. తెరిచి చూపిస్తే మూడు వేలిస్తానని చెప్పి వచ్చాను. సీలు తీస్తే ధర పడిపోతుందమ్మా అంటారాయన, తీయకపోతే నేను కొననండీ అంటాను నేను. బేరం అక్కడే ఆగింది.